సెక్రటరీ గారి పద్నాలుగు రోజులు

పేపర్లో "మోసం కేసులో ఫలానా పెద్దమనిషికి మూడేళ్ళ జైలు" అని పడిందంటే చాలు, మా వీధి చివర టీ బంకు దగ్గర కుర్రాళ్ళకి పండగే. "బాగా అయింది, మూడేళ్ళు చిప్పకూడు తింటాడు" అంటారు. నేను పక్కన కూర్చుని గ్లాసు ఊదుకుంటూ నవ్వుకుంటాను. మొన్న ఒకడు నిలదీశాడు: "ఏంటి తాతగారూ, అట్టా నవ్వుతున్నారు?" అని. "మూడేళ్ళనేది జడ్జీగారు చదివే మాట నాయనా, జైలు గేటు దాటేసరికి అది చిక్కి సగమవుతుంది" అన్నాను. వాడు నమ్మలేదు. నమ్మించాలంటే సెక్రటరీ గారి కథ చెప్పాలి. సెక్రటరీ గారి కథ చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు నన్ను ఏ ఆఫీసరూ సస్పెండు చెయ్యలేడు గనక రాస్తున్నాను.

నేను జైల్లో పనిచేశాను. ఆ మాట అనగానే అందరూ నా చేతిలో లాఠీ, మూతిమీద మీసం ఊహించుకుంటారు. నాకు రెండూ లేవు. నేను వారంటు గుమస్తాని. కోర్టు నుంచి ఖైదీతో పాటు ఒక కాగితం వస్తుంది, దాన్ని వారంటు అంటారు. అది చదివి, ఈ మనిషి ఏ రోజున బయటికి పోవాలో తేల్చి, ఆ తారీఖు అతని టిక్కెట్టు మీద, అంటే ప్రతి ఖైదీకీ ఉండే చీటీ మీద, రాయడం నా పని. జైల్లో ఎవరికి ఎవరి మొహం గుర్తున్నా లేకపోయినా నా మొహం మాత్రం అందరికీ గుర్తుండేది. ఖైదీలు దేవుడి పటానికి ఒకసారి దణ్ణం పెడితే నాకు రెండుసార్లు పెట్టేవాళ్ళు. నాకు అప్పుడు ముప్పై కూడా నిండలేదు, ఆ దణ్ణాలకి తల కాస్త తిరిగే ఉంటుంది.

ఇది డెబ్బైల్లో సంగతి. బెజవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక ఊళ్ళో చిన్న జైలు. ఊరి పేరు చెప్పను, ఆ ఊరు చేసిన పాపం ఏమీ లేదు. మాది కంకిపాడు దగ్గర. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా బస్సెక్కి పారిపోయేవాణ్ణి. మా సూపర్నెంటు గారు షుగరు మనిషి, మంచివాడు. నేను వేలు పెట్టిన చోట సంతకం పెట్టేవారు, చదివేవారు కాదు. "నువ్వు చూశావుగా, చాలు" అనేవారు. కానీ ఒక్కమాట మాత్రం రోజూ చెప్పేవారు: "ఒరేయ్ అబ్బాయ్, ఖైదీని తిట్టినా వాడు మర్చిపోతాడు. వాడి రోజు ఒక్కటి మింగావా, వాడి ఉసురు తగుల్తుంది. ఆ రోజు సర్కారుదీ కాదు, నీదీ కాదు." నేను "చిత్తమండీ" అనేవాణ్ణి. ఆయన మా హెడ్ వార్డరుకి కూడా ఇదే చెప్పేవారు. ఆ వార్డరు మాజీ మిలిటరీ మనిషి, గొంతు ఎంత పెద్దదో మనసు అంత మెత్తన. ఆయన "ఎస్సార్" అనేవాడు.

మా జైలుకి ఎక్కువగా వచ్చేది మేకల దొంగలు, నాటుసారా వాళ్ళు, గట్టు తగాదాల్లో తలలు పగలగొట్టుకున్నవాళ్ళు. అప్పుడప్పుడు మాత్రం వేరే రకం వచ్చేవాళ్ళు. వాళ్ళని మేం ఇస్త్రీ చొక్కా కేసులు అనేవాళ్ళం. కత్తి పట్టరు, గోడ దూకరు. కలం పట్టుకుని కుర్చీలో కూర్చునే పని కానిచ్చేస్తారు.

సెక్రటరీ గారు అట్టాంటి కేసు. కొల్లేరు లంకల్లో ఒక ఊరి జాలర్ల సొసైటీకి ఆయన సెక్రటరీ. కాపురం బెజవాడ పటమటలో, మేడ ఇల్లు. నైలాను వలలు ఇప్పిస్తానని సభ్యులందరి చేతా వేలిముద్రలు వేయించుకున్నాడు. వలలు రాలేదు. వచ్చినట్టు, అందరూ తీసుకున్నట్టు కాగితాలు మాత్రం ముచ్చటగా తయారయ్యాయి. మోసం, ఫోర్జరీ, తప్పుడు రాతలు, మూడు నేరాలు రుజువయ్యాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఏడాది అన్నారు కోర్టులో. ఊళ్ళో అందరూ "మూడేళ్ళు, మూడేళ్ళు" అని చెప్పుకున్నారు.

ఇప్పుడు చూడండి ఆ మూడేళ్ళు ఎట్టా చిక్కాయో. మూడు శిక్షలూ ఏకకాలంలో నడుస్తాయని తీర్పులోనే రాశారు. అంటే మూడేళ్ళు కాదు, ఏడాది. అప్పీలుకి వెళ్ళాడు, అప్పీలు తేలేదాకా బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడు. పై కోర్టులో "మొదటి తప్పు, పెద్ద కుటుంబం, ఆరోగ్యం బాలేదు" అని వకీలు గారు బతిమాలుకుంటే ఏడాది కాస్తా ఆర్నెల్లయింది. కఠిన శిక్ష కూడా కాదు, సాధారణ ఖైదు. వకీలు గారు ఈ సాధారణ అనే మాట సంపాదించినందుకు ఇంటిల్లిపాదీ ఆయనకి బట్టలు పెట్టారట.

ఆయన మా జైలుకి టాక్సీలో వచ్చాడు. పరుపు చుట్టిన ఒక హోల్డాలు, ఒక ఫ్లాస్కు, నడుం నొప్పికి ఒక దిండు. హెడ్ వార్డరు గేటు దగ్గర నిలబడి పైనించి కిందికి చూసి, "ఏవండీ, కాపురానికి వచ్చారా?" అన్నాడు. సెక్రటరీ గారు నొచ్చుకోలేదు. "మీ చేతుల్లో పెట్టారండీ మమ్మల్ని, ఎట్టా చూసుకుంటారో మీ దయ" అని నమస్కారం పెట్టాడు. మనిషి అంత. గారూ అనకుండా ఎవర్నీ పిలిచేవాడు కాదు. పక్క గదిలో ఉన్న మేకల దొంగని కూడా గారూ అనేవాడు. అంత మర్యాదగా అడిగితే ఎవరు మాత్రం వేలిముద్ర వెయ్యరు!

ఆ మేకల దొంగ కూడా అదే వారం వచ్చాడు, అతనికీ ఆర్నెల్లే. కాకపోతే కఠిన ఖైదు. కఠిన ఖైదు వాడు రోజూ పని చెయ్యాలి, కట్టెలు కొట్టాలి, నీళ్ళు తోడాలి, వంటశాలలో చాకిరీ చెయ్యాలి. అట్టా ఒళ్ళు వంచినందుకు నెలకి ఇన్ని రోజులని శిక్షలో కొట్టేస్తారు. దాన్నే మాఫీ అంటారు. సాధారణ ఖైదు వాడు పని చెయ్యక్కర్లేదు. చెయ్యకపోతే ఆ మాఫీ కూడా లేదు. కావాలని అడిగి చేస్తే వస్తుంది. మొదటిరోజే ఈ సంగతి చెప్పాను. "సాధారణ ఖైదీనండీ నేను, చీపురు పట్టుకోవడానికి కాదు గదా వకీలు గారు అంత పోట్లాడింది" అన్నాడు దిండు సర్దుకుంటూ.

మూడో నెలలో ఆయనకి జ్ఞానోదయమైంది. మేకల దొంగ టిక్కెట్టు మీద తారీఖు, తన టిక్కెట్టు మీద తారీఖు పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఒకే శిక్ష, ఒకే వారంలో రాక, వాడు దాదాపు నెల ముందు పోతున్నాడు. నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "గుమస్తా గారూ, ఇదేం న్యాయమండీ? నాది చిన్న శిక్ష, వాడిది పెద్ద శిక్ష. వాడెట్టా ముందు పోతాడు?" అన్నాడు. "వాడు కట్టెలు కొడుతున్నాడండీ" అన్నాను. ఆయన "నాకూ ఏదైనా పెట్టించండి, కూర్చుని చేసేది" అన్నాడు. బియ్యంలో రాళ్ళు ఏరే పని పెట్టించాం. ఒట్టు, అంత శుభ్రంగా ఏరినవాణ్ణి మళ్ళీ చూడలేదు. ఆ మూడు నెలలు జైలంతా పళ్ళకింద రాయి పడకుండా అన్నం తిన్నది. ఆ పుణ్యానికి ఆయనకి ఏడు రోజుల మాఫీ కూడింది.

ఇక ఈ కథలో అసలు మనిషి గేటు బయట ఉండేది. యాభై ఏళ్ళ చేపలావిడ. లంక ఊరి నుంచి మొదటి బస్సుకి గంపతో జంక్షన్‌కి, అక్కణ్ణుంచి ఇంకో బస్సులో మా ఊరికి వచ్చి వీధుల్లో అమ్ముకునేది. సెక్రటరీ గారి కాగితాల్లో ఆమె వేలిముద్ర కూడా ఉంది. కోర్టు బోనెక్కి "వేలు నాదేనయ్యా, వల మాత్రం నేను చూళ్ళేదు" అని ధైర్యంగా చెప్పిందీ ఆమే. ఆమెని చూసి ఇంకో పదిమంది చెప్పారు.

వారానికోసారి గేటు దగ్గర గంప దించుకుని నన్ను పిలిపించేది. ఒకటే ప్రశ్న: "ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా."

"ఇంకెన్నాళ్ళు?"

మొదటిసారి ఈ ఏకకాలం సంగతి చెప్పినప్పుడు నా మీద ఇంతెత్తున లేచింది. "మూడు శిక్షలు ఒకేసారి ఎట్టా నడుస్తాయయ్యా? నేను మూడు గంపలు ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే అవి మూడు గంపలా, ఒక గంపా?" అన్నది. ముప్పై ఏళ్ళు సర్వీసు చేసి రిటైరయ్యాను, ఆ గంపల లెక్క ఇప్పటికీ తేలలేదు. హెడ్ వార్డరు మాత్రం పక్కకి తిరిగి మీసం చాటున నవ్వుకున్నాడు.

ఆమె రోజులు అడగడం కక్షతో కాదు. అది నాకు నాలుగో నెలలో తెలిసింది. వాళ్ళ సొసైటీకి కొత్త కమిటీని ఎన్నుకోవాలి. కొల్లేట్లో వల వెయ్యాలంటే సొసైటీలో పేరుండాలి. సెక్రటరీ గారి బావమరిది ఊళ్ళో తిరుగుతూ "మా బావ రానీ, బోనెక్కినవాళ్ళ పేర్లన్నీ ఎగిరిపోతాయి" అంటున్నాడట. సెక్రటరీ గారు వచ్చి గుమ్మం గుమ్మం తిరిగి "ఏవండీ, బాగున్నారా" అని అడిగాడంటే సగం ఊరు కరిగిపోతుందని ఆమెకి తెలుసు. "ఆయన ఎదురుగా నిలబడితే మావాళ్ళకి నోరు పెగలదయ్యా. పేరు పోతే నా కొడుకులు వల ఎక్కడ వేస్తారు? నీ ఇంటి ముందు కాలవలోనా?" అన్నది. అప్పుడు ఆమె గొంతులో వణుకు విన్నాను. అంతవరకు ఆమెకి వణకడం రాదనుకున్నాను.

నాకు జాలేసింది. జాలితో పాటు, చెప్పొద్దూ, నా తెలివి చూపించుకోవాలని కూడా అనిపించింది. లోపలికెళ్ళి టిక్కెట్టు చూసి వచ్చి, "మార్చి ఆఖరి శుక్రవారం పొద్దున వదుల్తాం. దానికి ముందు ఏ రోజు పెట్టుకున్నా నీ మీటింగుకి ఆయన రాడు" అన్నాను. నిజానికి అట్టా చెప్పకూడదు. ఆమె నా మాట పట్టుకుని వెళ్ళింది. ఆ శుక్రవారానికి ముందు వచ్చే ఆదివారం మీటింగని నోటీసులు పంపారు. ఎన్నిక జరిపించడానికి బెజవాడ నుంచి ఆఫీసరు కూడా ఆ రోజే వస్తానన్నాడు.

ఇక్కడే నా తెలివి బోర్లా పడింది.

అప్పుడే కొత్త క్రిమినల్ కోడ్ అమల్లోకి వచ్చింది. పాత పద్ధతిలో తీర్పుకి ముందు రిమాండులో ఎన్నాళ్ళున్నా అవి గాలికే పోయేవి. కొత్త కోడ్ ప్రకారం ఆ రోజులు కూడా శిక్షలో కలపాలి. పాత పద్ధతికి అలవాటుపడ్డ మా చేతులకి అది ఇంకా ఒంటబట్టలేదు. సెక్రటరీ గారిని మొదట అరెస్టు చేసినప్పుడు ఇంకో తాలూకా సబ్‌జైల్లో పద్దెనిమిది రోజులు పెట్టారు. అది నా కాగితాల్లో లేదు. ఆయన వకీలుకి కూడా అయిదో నెలలో గుర్తొచ్చింది. "మా పద్దెనిమిది రోజులు కలపండి గుమస్తా గారూ" అని అర్జీ పెట్టుకున్నాడు. ఆ సబ్‌జైలుకి సర్టిఫికెట్టు పంపమని నేనే ఉత్తరం టైపు చేశాను. ఏమాత్రం కంగారు పడలేదు. ఆ ఆఫీసు వాళ్ళు నెల లోపల దేనికీ జవాబివ్వరని మాకు గట్టి నమ్మకం.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. వాళ్ళ సర్వీసులో వాళ్ళు అంత చురుగ్గా చేసిన పని అదొక్కటే అయి ఉంటుంది.

శనివారం తపాలాలో వచ్చింది ఆ కవరు. విప్పి చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాను. పద్దెనిమిది రోజులు వెనక్కి జరిపితే ఆయన విడుదల ఎల్లుండి, సోమవారం. చేపలావిడ మీటింగు ఆ తర్వాత పదమూడు రోజులకి! ఊరంతా రెండుసార్లు తిరగొచ్చు ఆయన. మీటింగు ముందుకి జరుపుకోమందామంటే నోటీసులు వెళ్ళిపోయాయి, ఆఫీసరు తారీఖు మారదు. మా సూపర్నెంటు గారు గదిలోంచి, "ఏవన్నా ఉందా తపాలా?" అని కేకేశారు.

"ఏం లేదండీ" అన్నాను.

ఆ రెండు మాటలు ఎట్టా వచ్చాయో నాకు తెలియదు. నేను అనుకుని అన్నవి కావు. ఒకసారి అనేశాక మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను. కవరు చింపి టీ కాచే పొయ్యిలో వేశాను. సర్టిఫికెట్టు సొరుగులో, పాత క్యాలెండరు కింద పెట్టి తాళం వేశాను. "ఎవడికి నష్టం? మూడేళ్ళు పడాల్సినవాడు ఇంకో రెండు వారాలు ఉంటే కొంపలేం మునగవు. కోర్టు వాళ్ళు తరిగిన దాంట్లో చిటికెడు నేను కలుపుతున్నాను, అంతే" అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎంత బాగా సర్దిచెప్పుకున్నానంటే ఆ రోజు అన్నం కూడా ఇంకాస్త ఎక్కువే తిన్నాను.

సోమవారం నుంచి మొదలైంది. పొద్దున్నే బియ్యం చాట పక్కన పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని నా కిటికీ దగ్గరికి వచ్చేవాడు సెక్రటరీ గారు.

"వచ్చిందాండీ కాయితం?"

"రాలేదండీ."

"సరేనండీ, వస్తే చెప్పండి. మీకు శ్రమ ఇస్తున్నాను."

మంగళవారం అదే. బుధవారం వచ్చినప్పుడు మాత్రం కాస్త ఆగాడు. "రేపు మా అమ్మాయి కూతురికి బారసాలండీ, బెజవాడలో. మొదటి మనవరాలు. రేపటిలోగా వస్తే ఉయ్యాల్లో వెయ్యడానికి ఉంటాను గదా అని అడుగుతున్నాను, తొందరపెట్టడం కాదు" అన్నాడు.

నా చెయ్యి సొరుగు మీద ఉంది. తాళంచెవి జేబులో ఉంది. కిటికీ ఊచల అవతల ఆయన మొహం ఉంది, ఎప్పటిలాగే మర్యాదగా. మోసగాడి మొహం అని ఎంత గట్టిగా అనుకుందామనుకున్నా అప్పుడది తాతయ్య మొహంలాగే కనపడింది నాకు. ఇంకోవైపు చేపలావిడ కొడుకులు, వాళ్ళ వలలు. నాకు ఏడుపొచ్చింది, నిజంగా. "రాలేదండీ" అన్నాను.

బారసాల మర్నాడు వాళ్ళింటి నుంచి లడ్డూల పొట్లం వచ్చింది. హెడ్ వార్డరు చూసీ చూడనట్టు లోపలికి పంపాడు. ఆయన అందరికీ పంచి, ఒకటి కిటికీలోంచి నాకిచ్చాడు. "తీసుకోండి, పిల్ల మంచి తెల్లగా ఉందట" అన్నాడు. తిన్నాను. తినకపోతే అనుమానం వస్తుందేమోనని తిన్నాను. అంత చేదు లడ్డూ నా జన్మలో తినలేదు.

రెండోవారం హెడ్ వార్డరు నా బల్ల అంచున కూర్చుని, "ఏంటి గుమస్తా గారూ, ఈమధ్య సొరుక్కి తాళం వేస్తున్నారు, అప్పడాలు గానీ దాచారా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. లేచి వెళ్ళిపోతూ వీపు మీద ఒకసారి తట్టాడు. ఆయనకి తెలుసో తెలియదో, ఆ తట్టడం ఓదార్పో హెచ్చరికో, ఆయన పోయేదాకా అడగలేకపోయాను.

మీటింగు ఆదివారం గడిచింది. సోమవారం ఆఫీసు తెరవకముందే చేపలావిడ గేటు దగ్గర ఉంది. మొహం వెలిగిపోతోంది. తామరాకులో చుట్టిన కొరమీను నా చేతిలో పెట్టింది.

"గెలిచాం బాబూ! మా పేర్లన్నీ ఉన్నాయి. బావమరిది ఒక్కడే నిలబడి అరిచాడు, ఎవరూ వినలా. ఆయనే వచ్చి ఉంటే మా పని అయిపోయేది. నీ మాట నమ్మి పెట్టుకున్నాం, నువ్వు నిలబెట్టావు" అన్నది. వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వెనక్కి గెంతాను. "శుక్రవారం గదా వచ్చేది? ఇక ఎప్పుడొస్తే ఏం లే" అన్నది.

"శుక్రవారం కాదమ్మా. ఇవాళే వదుల్తున్నాం" అన్నాను.

ఆమె మొహం ముడుచుకుపోయింది. "అదేంటి? మళ్ళీ నాలుగు రోజులు మిగుల్చుకున్నాడా! మూడేళ్ళు ఏడాది చేశారు, ఏడాదిని ఆర్నెల్లు చేశారు, ఇప్పుడు అందులోనూ నాలుగు రోజులు కొట్టేశారా? ఎవరికి లంచం పెట్టాడయ్యా ఈసారి?" అని గంప నెత్తిన పెట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది. ఆమెకి ఏం చెప్పను? ఆమె దృష్టిలో ఆయన నాలుగు రోజులు ఎగ్గొట్టాడు. నా సొరుగులో ఉన్న కాగితం దృష్టిలో ఆయన పద్నాలుగు రోజులు ఎక్కువున్నాడు. రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, చేతిలో కొరమీను పట్టుకుని గేటులో నిలబడ్డాను.

లోపలికి వచ్చి సర్టిఫికెట్టు తీశాను. వచ్చిన తపాలా రాసే పుస్తకంలో ఆ రోజు తారీఖు వేసి ఎక్కించాను. సూపర్నెంటు గారు వేలు పెట్టిన చోట సంతకం పెట్టి, "పాపం, సమయానికి రాలేదు గానీ ఎప్పుడో పోవాల్సిన మనిషి గదరా. పంపెయ్, ఒక్క గంట కూడా ఉంచొద్దు" అన్నారు. ఆయన బాధపడుతూ అన్నారు.

సెక్రటరీ గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దిండు చంకన పెట్టుకుని నా బల్ల ముందుకి వచ్చాడు. విడుదల పుస్తకంలో సంతకం చెయ్యాలి. పక్కనే సర్టిఫికెట్టు ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఆయన చూసే తీరులోనే తెలిసిపోయింది నాకు. బియ్యం చాటలోకి చూసినట్టు చూశాడు.

"ఇది వాళ్ళు రాసింది మూడు వారాల కిందటండీ" అన్నాడు.

"తపాలా ఆలస్యం" అన్నాను.

"ఊఁ. కవరేదండీ?"

నేను విడుదల పుస్తకం ఆయన వైపు జరిపాను.

"కవరు పారేశారు" అన్నాడు నెమ్మదిగా, పాఠం ఒప్పజెప్పినట్టు. "మొదట పారేసేది కవరే లెండి, పోస్టాఫీసు ముద్ర దానిమీదే గదా ఉండేది." తపాలా పుస్తకం తనవైపు తిప్పుకుని ఆ వరస మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ చెయ్యి వణికింది చూడండి. మొదటిసారి నాకూ ఇట్టాగే వణికింది."

ఎట్టాగో ధైర్యం కూడదీసుకుని, "సూపర్నెంటు గారు లోపలున్నారండీ. రాసివ్వండి. నేను కాదనను" అన్నాను. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన సంతకం చేసి కలం మూతపెట్టి నాకిచ్చాడు. "మొన్న మీటింగుకి వెళ్ళేవాణ్ణేనండీ, అబద్ధమెందుకు. గెలిచేవాణ్ణి కూడా. కానీ బారసాలకీ వెళ్ళేవాణ్ణి" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు, పెద్దవాడు చిన్నవాడికి ధైర్యం చెప్పినట్టు. "కంగారు పడకండి గుమస్తా గారూ. నేనెవరికీ చెప్పను. ఇది మనలో మాట" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

చెప్పలేదు కూడా. మాట మీద నిలబడ్డాడు. నా సర్వీసు పుస్తకంలో ఒక్క ఎర్రగీత లేదు. ప్రమోషన్లు వేళకి వచ్చాయి, రిటైరైన రోజున దండలు వేశారు, నిజాయితీపరుడని మైకులో చెప్పారు. నన్ను దొంగ అని ఎవరూ అనలేదు. ఆయన కూడా అనలేదు. నన్నూ తన వరసలో కలిపేసుకుని "మనలో" అన్నాడు. అంతే అన్నాడు.

తప్పుడు రాత రాసినందుకు సెక్రటరీ గారు లోపల ఉండాల్సింది అయిదు నెలల అయిదు రోజులు, ఉన్నది ఇంకో పద్నాలుగు రోజులు. అదే తప్పు చేసిన నేను, ఆ రోజు కూడా ఎప్పటిలాగే సాయంత్రం అయిదింటికి సొరుగు తాళం వేసుకుని గేటు దాటి ఇంటికి వెళ్ళిపోయాను.